త్రీఫేస్ కరెంటొచ్చింది, ముప్పై బోర్లు ఒకేసారి అరిచినాయి

(తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ పిల్లలతో శనివారం మధ్యాహ్నం మాట్లాడింది. ఫోన్లో రికార్డు చేసింది విని టైప్ చేసినాం, మాటలు పెద్దగా సరిదిద్దలేదు.)

వినపడతా ఉండాదా వెనకాల? చివరి బెంచీ వాళ్ళు చెయ్యెత్తండి. ఆ, సరే. సార్లకు మేడమ్స్‌కు నమస్కారం. అన్నం తిన్నాక క్లాసు పెట్టినారు, మీ హెచ్‌ఓడీ సార్‌కు నా మీద ఏం కోపమో తెలీదు. (నవ్వులు) నిద్రొస్తే పడుకోండప్పా, గురక మాత్రం పెట్టొద్దు, అది ఇంటర్‌ఫియరెన్స్.

నాది పాకాల పక్కన పల్లె. ఇరవై ఏండ్లుగా బెంగళూర్లో ఫిజికల్ లేయర్ పని, అంటే ఫోన్ లోపల మోడెమ్ ఉంటాది కదా, అందులో సిగ్నల్ ఏ రూపంలో పోవాల, ఎవరు ఎప్పుడు మాట్లాడాల, ఆ లెక్కలు. స్లైడ్లు 62 తెచ్చినా, ప్రొజెక్టర్ ఆన్ కాలేదు, మీ అదృష్టం. బోర్డు మీదే చెప్తా.

ముందు నా పరువు పోయిన కథ. దామలచెరువు దగ్గర మా మేనమామకు మామిడి తోట ఉండాది, తోతాపురి. ఆయనవీ చుట్టుపక్కలోళ్ళవీ కలిపి ముప్పై బోర్లు. బోరు ఆడతా ఉండాదా, నీళ్ళొస్తా ఉండాయా, ఉత్తిగాలి తోడతా ఉండాదా అని ఇంట్లో కూర్చొని చూసుకునేట్టు చేసిస్తానని నేనే గొప్పలు చెప్పినా. స్టార్టర్ డబ్బా పక్కన ఒక చిన్న పెట్టె, లోపల లోరా రేడియో, అంటే తక్కువ కరెంటుతో చిన్న మెసేజీలను దూరం పంపేది, 865 నుంచి 867 మెగాహెర్ట్జ్, లైసెన్స్ అక్కర్లేని బ్యాండు. మిద్దె మీద గేట్‌వే, అంటే ఆ పెట్టెలన్నిటి మాట వినే పెద్ద పెట్టె. ఇంట్లో ఒక్కో పెట్టెనూ ఆన్ చేసి చూసినా, అన్నీ బంగారంలా పనిచేసినాయి. ఆదివారం పోయి బిగించినాం.

సోమవారం తెల్లారుజామున త్రీఫేస్ కరెంటొచ్చింది. ముప్పై పెట్టెలకూ అదే క్షణంలో కరెంటు. అన్నింట్లో ఒకటే ప్రోగ్రాం కాబట్టి అన్నీ ఒకే టైమ్‌కు లేచినాయి, లేచి "నేను లేచినా" అని ఒకేసారి మెసేజ్ కొట్టినాయి. గేట్‌వే నుంచి జవాబు రాలేదు. జవాబు రాకపోతే పది సెకన్లు ఆగి మళ్ళీ కొట్టమని నేనే రాసినా. అన్నీ పది సెకన్లు ఆగినాయి, అన్నీ మళ్ళీ ఒకేసారి కొట్టినాయి. అట్ల గంటసేపు. స్క్రీన్ మీద కనపడింది ఒకే ఒక్క బోరు, ఇంటి వెనకాలుండేది. మామ కాఫీ గ్లాసు పట్టుకొనొచ్చి చూసి "ఏరా, ఇంత దుడ్డు పెట్టించి ఇంటెనకాల బోరు ఆడేది చూపిస్తావా, అది నాకు చెవికే వినపడతాది కదరా" అన్నాడు. (నవ్వులు) నా ఇరవై ఏండ్ల సర్వీసు ఆ ఒక్క మాటతో పాయె.

దీనికి మందు రెండు లైన్ల కోడు. పది సెకన్లు కాదు, సున్నా నుంచి ఐదు నిమిషాల లోపల నీ ఇష్టమొచ్చినంత సేపు ఆగు అని. ఒక్కో మెసేజ్ గాల్లో ఉండేది అర సెకను లోపే, ముప్పై మెసేజీలు ఐదు నిమిషాల్లో చల్లేస్తే గుద్దుకునేది ఎప్పుడో ఒకటి. ఇదేం నేను కనిపెట్టింది కాదు, 1971లోనే హవాయి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ వాళ్ళు దీవుల్లో ఉండే టెర్మినళ్ళను రేడియోతో కంప్యూటర్‌కు కలిపినారు, అలోహా అని పేరు, మీ సిలబస్‌లో ఉండాది, పరీక్షకు రాసి మర్చిపోయింటారు. ఎవరికి కావాలంటే వాళ్ళు మాట్లాడతారు, గుద్దుకుంటే ఇష్టమొచ్చినంత సేపు ఆగి మళ్ళీ మాట్లాడతారు. దాంట్లో ఛానెల్‌ను ఎంత బాగా వాడినా 18 శాతమే పనికొస్తాది. ఎందుకంటే నా మెసేజ్ మొదలయ్యే ముందు ఒక మెసేజ్ నిడివి, మొదలైనాక ఒక మెసేజ్ నిడివి, ఈ రెండు రెట్ల టైమ్‌లో ఎవడూ నోరెత్తకూడదు. అందరూ గడియారం చూసుకొని గీత మీద మొదలుపెడితే ఆ రెండింతలు ఒకింత అవుతాది, 37 శాతం దాకా పోతాది. అదే స్లాటెడ్ అలోహా.

సరే, ఇప్పుడు ఆ పొద్దున జరిగిందాన్నే ఇంగోసారి చూడండి. ఇరవైతొమ్మిది ఎందుకు వినపడలేదో తెలిసింది. మరి ఆ ఒక్కటి ఎందుకు వినపడింది? దగ్గరుండాది కాబట్టి, దాని పవర్ మిగతావాటి కంటే చాలా ఎక్కువ కాబట్టి. క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. అయితే నాకు ఆ రోజు బస్సులో తిరిగొస్తా ఒక ఆలోచనొచ్చింది: ఆ గట్టిగా అరిచేదాన్ని వినేసినాం కదా, అది ఏం చెప్పిందో బిట్టు బిట్టు తెలుసు కదా, దాన్ని మనమే మళ్ళీ తయారుచేసి వచ్చిన సిగ్నల్లోంచి తీసేస్తే? కిందున్న రెండోది బైటికి రాదా? దాన్నీ తీసేస్తే మూడోది? ఉల్లిగడ్డ పొరలు ఒలిచినట్టు. రాబోయే వైర్‌లెస్ గురించి ఈ రోజు పేపర్లు రాసేవాళ్ళలో చాలామంది పట్టుకొని లాగేది ఈ దారమే. గుద్దుకోకుండా చూసుకోవడం ఒక పద్ధతి. గుద్దుకోనీ, తర్వాత లెక్కగట్టి విడదీస్తా అనేది ఇంగో పద్ధతి. 1జీ నుంచి 5జీ దాకా ముఖ్యంగా మనం చేసింది మొదటిదే.

ఆ పాత కథంతా తిరుపతోళ్ళకు చెప్పాల్సిన పన్లేదు, మనం రోజూ చూసేదే. కొండకు రెండు ఘాట్ రోడ్లు, ఒకదాంట్లో ఎక్కాల, ఒకదాంట్లో దిగాల. ఎఫ్‌డీడీ. పైకి, అంటే ఫోన్ నుంచి టవర్‌కు, ఒక ఫ్రీక్వెన్సీ, కిందికి, అంటే టవర్ నుంచి ఫోన్‌కు, ఒక ఫ్రీక్వెన్సీ. ఒకటే రోడ్డు ఉందనుకోండి, గేటు పెట్టి కొంచెంసేపు ఎక్కేవాళ్ళను, కొంచెంసేపు దిగేవాళ్ళను వదలాల, మధ్యలో చివరి బస్సు దిగేదాకా రోడ్డు ఖాళీగా పడుంటాది, అదే టీడీడీ, ఆ ఖాళీనే గార్డ్ పీరియడ్. మన 5జీ 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండులో నడిచేది టీడీడీనే. సర్వదర్శనం టోకెన్ మీద టైమ్ రాసిస్తారు కదా, టీడీఎంఏ, ఒక్కొక్కరికి ఒక్కో టైమ్. జీఎస్ఎంలో, అంటే మన పాత 2జీలో, 200 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ను ఎనిమిది స్లాట్లు చేసినారు, ఒక్కోటి 577 మైక్రోసెకన్లు. దూరంగా ఉండే ఫోన్ సిగ్నల్ లేటుగా వస్తాది కాబట్టి దానికి ముందే బయల్దేరమని టవర్ చెప్తాది, వరదయ్యపాళెం నుంచి వచ్చేవాడు పొద్దున్నే బస్సెక్కినట్టు. ఆ ముందు చెప్పే లెక్క 35 కిలోమీటర్లకు అయిపోతాది, మామూలు జీఎస్ఎం సెల్ అంతకంటే దూరం పోలేదు.

సీడీఎంఏ, అంటే ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇచ్చి అందరినీ ఒకేసారి మాట్లాడనిచ్చేది, దానికి మన ఆర్టీసీ బస్టాండే. తమిళోళ్ళు ఒకపక్క, కన్నడోళ్ళు ఒకపక్క, మనోళ్ళు ఒకపక్క, అందరూ ఒకేసారి మాట్లాడతా ఉంటారు, అయినా ఎవరి భాష వాళ్ళకు వినపడతాది. టెక్స్ట్‌బుక్కుల్లో కూడా ఈ ఉదాహరణే ఉంటాది, కానీ వాళ్ళు రాయనిది ఏమంటే చెవి పక్కన నిలబడి కండక్టరు "చెన్నై చెన్నై చెన్నై" అని అరిస్తే నీకు ఏ భాషొచ్చినా పనికిరాదు. నియర్-ఫార్ ప్రాబ్లం. అందుకే ఐఎస్-95లో, అంటే పాత సీడీఎంఏ ఫోన్ల స్టాండర్డ్‌లో, టవర్ ప్రతి ఫోన్‌కూ సెకనుకు 800 సార్లు "తగ్గు, పెంచు, తగ్గు" అని చెప్తానే ఉండేది. నా మామిడితోటలో ఆ ఇంటెనకాల బోరుకు తగ్గు అని చెప్పేవాడు లేడు, అంతే తేడా.

ఇంగ ఓఎఫ్‌డీఎం. దీని దగ్గర కొంచెం ఆగుతా, 4జీ, 5జీ రెండూ దీని మీదే నడస్తా ఉండాయి. అలిపిరి దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడతా ఉండారు, టవర్ నుంచి సిగ్నల్ నేరుగా వస్తాది, అదే సిగ్నల్ శేషాచలం కొండకు తగిలి కూడా వస్తాది. కొండకు తగిలొచ్చేది ఒక కిలోమీటరు ఎక్కువ తిరిగిందనుకోండి, 3.3 మైక్రోసెకన్లు లేటు. స్పీడుగా పంపే సింబల్స్‌లో అంత లేటంటే పాత అక్షరం కొత్త అక్షరం మీద పడి అంతా కలగాపులగం. ఓఎఫ్‌డీఎం ఏం చేస్తాదంటే ఒక్కడు స్పీడుగా మాట్లాడే బదులు వందలమంది నిదానంగా మాట్లాడేట్టు చేస్తాది. ఆ నిదానంగా మాట్లాడే ఒక్కొక్కడే సబ్‌క్యారియర్. 4జీలో ఒక్కోటి 15 కిలోహెర్ట్జ్, ఒక్కో సింబల్ 66.7 మైక్రోసెకన్లు, దాని ముందు దాని తోకనే కత్తిరించి అతికిస్తారు, సైక్లిక్ ప్రిఫిక్స్, 4.7 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో లెక్కేస్తే అది 1.4 కిలోమీటర్లు. అంటే మన కొండ ప్రతిధ్వని ఆ తోకలో పడి చచ్చిపోతాది. 5జీలో పైబ్యాండ్లకు 120 కిలోహెర్ట్జ్ స్పేసింగ్ పెడతారు, అప్పుడు ప్రిఫిక్స్ 0.6 మైక్రోసెకను, 175 మీటర్లే. పర్వాలేదు, ఆ బ్యాండ్లలో అంత దూరం తిరిగొచ్చే సిగ్నల్‌కు ప్రాణముండదు.

మరి ఇంత మంచిదైతే కొత్త వేవ్‌ఫాం, అంటే సిగ్నల్‌కు కొత్త రూపం, కావాలని ఎందుకు కొట్టుకుంటా ఉండారు? ఒక కారణం కోలాటం. బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో కోలాటం చూసుంటారు. వందమంది ఆడోళ్ళు, ఒక్కొక్కరు ఒక్కో లెక్కతో కర్రలు కొట్టినారనుకోండి, మామూలుగా సద్దు సమానంగా ఉంటాది, ఉండీ ఉండీ ఒక్క క్షణం అన్ని కర్రలూ ఒకేసారి పడతాయి. ఠప్ అని. ఓఎఫ్‌డీఎంలో సబ్‌క్యారియర్లు అంతే. సగటు కంటే పది రెట్ల పైన పవర్ ఎగురుతాది ఆ క్షణం. ఫోన్లో పవర్ యాంప్లిఫయర్ ఆ ఎగురుడుకు తట్టుకోవాలంటే మిగతా టైమంతా దాన్ని తగ్గించి నడపాల, బ్యాటరీ వేడి కింద పోతాది. టవర్‌కైతే ఈబీ కరెంటుంటాది, ఫోన్‌కు ఏముంటాది? అందుకే 4జీలోనే కిందికి ఓఎఫ్‌డీఎంఏ పెట్టి, ఫోన్ నుంచి పైకి మాత్రం ఎస్‌సీ-ఎఫ్‌డీఎంఏ పెట్టినారు, అది ఒకే క్యారియర్ మాదిరి పోతాది, ఎగురుడు తక్కువ.

ఇక్కడ మనోళ్ళ సంగతి ఒకటి చెప్పాల. మన ఊర్లు దూరం దూరం, టవర్లు దూరం దూరం. టవర్ గొంతు పెద్దదే, ఫోన్‌కు వినపడతాది, ఫోన్ గొంతే టవర్‌కు చేరదు. పల్లెల్లో నెట్ చుక్కలు నిండుగా చూపిస్తా మెసేజ్ మాత్రం పోదు చూడండి, చాలాసార్లు ఇదే కథ. ఇండియా తరఫున పోయినవాళ్ళు ఐటీయూలో, అంటే ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థలో, కూర్చొని, టవర్‌కు టవర్‌కు 6 కిలోమీటర్ల దూరముండే పల్లె కొలతను 5జీ పరీక్షల్లో పెట్టించినారు, నిదానంగా తిరిగేవాళ్ళు, పెద్ద సెల్లు అని. దానికి తగ్గట్టు పై బై టూ బీపీఎస్‌కే అనే మాడ్యులేషన్‌ను, సిగ్నల్ ఎగురుడు దాదాపు లేకుండా మలిచి పంపే పద్ధతి మీద ఐఐటీ హైదరాబాద్‌లో గట్టిగా పనిచేసినారు. దాంతో 5జీఐ అని వేరే స్టాండర్డే పెట్టినారు, తర్వాత రిలీజ్ 17లో, స్టాండర్డ్‌ను విడతలు విడతలుగా రిలీజ్ అని వదుల్తారు, దాన్ని మెయిన్ 5జీలో కలిపేసినారు. వేరే స్టాండర్డ్ పెట్టింది నాకు నచ్చలేదు, ఇండియాకు ఒక చిప్పు, లోకానికి ఒక చిప్పు అంటే ఎవడు చేస్తాడు? కలిపేసిందే మంచిది. కానీ అడిగిన ప్రశ్న మాత్రం మన ప్రశ్న, బెర్లిన్లోనో టోక్యోలోనో ఉండేవాడికి అది తట్టదు.

ఇక్కడే పక్కనుండే గాదంకి ఎవరెవరు చూసినారు? చెయ్యెత్తండి. ఆరుమందేనా! ఇంత దగ్గర పెట్టుకొని! ఎన్‌ఏఆర్‌ఎల్, అంటే వాతావరణ పరిశోధన ల్యాబు ఉండాది, అక్కడ పైన గాలిపొరలను చూసే ఎంఎస్‌టీ రాడార్, 53 మెగాహెర్ట్జ్. పొలం మాదిరి జాగాలో 32 వరసలు, వరసకు 32 యాగీ యాంటెనాలు, మొత్తం 1024. దాదాపు 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు. ఒక్క యాంటెనా కూడా కదలదు. ఒక్కోదానికి పోయే సిగ్నల్ ఫేజ్ కొంచెం కొంచెం జరిపితే బీమ్ వంగుతాది, ఆకాశంలో ఎటు కావాలంటే అటు చూస్తాది. ఇప్పుడు బోర్డు మీద లెక్క చూడండి. 53 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవు ఐదున్నర మీటర్ల పైన. 28 గిగాహెర్ట్జ్‌కు ఒక సెంటీమీటరు చిల్లర. యాంటెనాల మధ్య సగం తరంగం దూరం పెడితే 32 యాంటెనాలు 17 సెంటీమీటర్లు. అంటే గాదంకి పొలమంత యాంటెనా పెండ్లి కార్డంత అయింది! ఇదే 1024. మీరు మ్యాసివ్ మైమో అని చదివేదాని ప్రాణం ఇంతే. బీమ్ సన్నగా చేస్తే ఒకే టైమ్‌లో ఒకే ఫ్రీక్వెన్సీలో నీకొకటి, పక్కోడికొకటి పంపొచ్చు. టైమ్ పంచలా, ఫ్రీక్వెన్సీ పంచలా, జాగా పంచినాం. మీరు బస్సెక్కి పోయి చూసి రండి, మాసివ్ మైమో మీద పది వీడియోలు చూసేదానికంటే అదే నయం.

సరే, ఉల్లిగడ్డ దగ్గరకొద్దాం. నోమా. నాన్ ఆర్తోగోనల్ మల్టిపుల్ యాక్సెస్. బోర్డు మీద రెండు ఫోన్లు. ఒకటి టవర్ కిందే, దానికి సిగ్నల్ నాయిస్ కంటే 100 రెట్లు. ఇంగోటి కొండ మలుపు అవతల, దానికి సిగ్నలూ నాయిసూ సమానం, అంటే 1. టైమ్ చెరిసగం పంచినాం. షానన్ 1948లో ఇచ్చిన ఫార్ములా, లాగ్ టూ ఆఫ్ వన్ ప్లస్ ఎస్‌ఎన్‌ఆర్, ఎస్‌ఎన్‌ఆర్ అంటే సిగ్నల్ నాయిస్‌కు ఎన్ని రెట్లో అది. దగ్గరోడికి సగం ఇంటూ లాగ్ 101, 3.33. దూరపోడికి సగం ఇంటూ లాగ్ 2, 0.5. సెకనుకు హెర్ట్జ్‌కు ఇన్ని బిట్లని.

ఇప్పుడు పంచొద్దు. ఇద్దరికీ ఒకేసారి, ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకదాని మీద ఒకటి పెట్టి పంపుదాం. పవర్లో 80 శాతం దూరపోడికి, 20 శాతం దగ్గరోడికి. దూరపోడు దగ్గరోడిదాన్ని నాయిస్ అనుకొని పట్టించుకోడు, 0.8 బై 1.2, లాగ్ పెడితే 0.74. దగ్గరోడు ముందు దూరపోడి మాట విని, దాన్ని తీసేసి, మిగిలింది వింటాడు, 20, లాగ్ 21 అంటే 4.39. చూసినారా? 0.5 పోయి 0.74 అయింది, 3.33 పోయి 4.39 అయింది. ఇద్దరికీ లాభం. ఎవరి జేబులోంచి కొట్టుకొచ్చినాం? ఎవరిదీ కాదు. లాగ్ అనేది పైకి పోయేకొద్దీ మందంగా అయిపోతాది. దగ్గరోడికి పవర్ 100 నుంచి 20కి తగ్గిస్తే ఐదింతలు కోసినట్టే, కానీ లాగ్‌లో 6.66 నుంచి 4.39కే పడింది, బదులుగా వాడికి సగం టైమ్ కాకుండా మొత్తం టైమ్ దొరికింది. ఈ లెక్క కూడా కొత్తది కాదు, థామస్ కవర్ 1972లోనే బ్రాడ్‌కాస్ట్ ఛానెల్ అని రాసినాడు.

(ఒక విద్యార్థిని: సార్, అంత లాభముంటే 5జీలో ఎందుకు పెట్టలేదు?)

శభాష్ అమ్మా, ఏం పేరు... వద్దులే, రికార్డ్ అవుతా ఉండాది. మంచి ప్రశ్న. పెట్టాలనే 3జీపీపీలో, అంటే ఫోన్ స్టాండర్డ్లు రాసే సంస్థలో, 2018 దాకా కూర్చొని స్టడీ చేసినారు, పదిపైన పద్ధతులు తెచ్చినారు కంపెనీలోళ్ళు, ఒక్కొక్కడిదీ ఒక్కో పేరు, ఆఖరికి స్టాండర్డ్‌లో ఏదీ పెట్టలా. ఎందుకో చెప్తా. ఒకటి, నేను దగ్గరోడు 100, దూరపోడు 1 అని కావాలనే తీసుకున్నా. ఇద్దరికీ 10, 10 అనుకోండి, టైమ్ పంచినా కలిపి 3.46, మీద మీద పెట్టినా కలిపి 3.46. సున్నా లాభం. కాబట్టి జత కుదరాల, పెండ్లి సంబంధం మాదిరి. రెండు, తీసేయడం అన్నాను కదా, ఆ తీసేయడం పూర్తిగా జరిగితేనే 4.39. ఛానెల్ అంచనాలో కొంచెం తప్పుంటే కొంత మిగిలిపోతాది. దూరపోడి 80లో 1 శాతం మిగిలిందనుకో, 0.8, అది నాయిస్‌కు కలిస్తే 20 బై 1.8, లాగ్ పెడితే 3.6. ఇంకా లాభమే. 5 శాతం మిగిలిందనుకో, 4. 20 బై 5, లాగ్ 5, అంటే 2.3. పోయింది, టైమ్ పంచుకుంటే 3.33 వచ్చేది కదా! ఉల్లిగడ్డ సరిగ్గా ఒలవడం రాకపోతే కన్నీళ్ళే. మూడు, గాదంకి మాదిరి యాంటెనాలు వచ్చేసినాక బీమ్‌తోనే ఇద్దరినీ విడదీయొచ్చు, అంత కష్టం ఫోన్ మీద ఎందుకు పెట్టాల? 4జీలో రిలీజ్ 14లో మస్ట్ అని ఒకటి పెట్టినారు ఇట్లాంటిదే, నేను పనిచేసిన మోడెమ్‌లలో దాన్ని ఆన్ చేసినోళ్ళు నాకు కనపడలేదు.

ఇప్పుడు ఆర్‌ఎస్‌ఎంఏ అని వినపడతాది, రేట్ స్ప్లిట్టింగ్. పక్కోడి సిగ్నల్‌ను మొత్తం వినాలనీ లేదు, మొత్తం నాయిస్ అనుకోవాలనీ లేదు, మెసేజ్‌ను రెండు ముక్కలు చేసి ఒక ముక్క అందరూ వినేట్టు, ఒక ముక్క ఎవరిది వాళ్ళే వినేట్టు పంపుతారు. వేరు హాన్, కొబయాషి 1981లో రాసినదాంట్లోనే ఉండాది. లెక్కలో అందంగా ఉంటాది. స్టాండర్డ్‌లోకి వస్తాదో లేదో చూద్దాం, నేనైతే పందెం కాయను.

నేను పందెం కాసేది ఎక్కడంటే, పైకి పోయే దారిలో. కిందికి వచ్చేటప్పుడు ఉల్లిగడ్డ ఒలిచేది ఫోన్. పైకి పోయేటప్పుడు ఒలిచేది టవర్. టవర్‌కు కరెంటుంటాది, ఫ్యానుంటాది, పెద్ద ప్రాసెసర్లుంటాయి. కష్టమంతా కరెంటుండే చోటికి తోసెయ్యాల, నా పెట్టె మాత్రం మొద్దుగా, చవగ్గా ఉండాల.

ఇప్పుడు పద్ధతి ఎట్లుండాదో చూడండి. గంగమ్మ జాతరప్పుడు తాతయ్యగుంట దగ్గర ఫోన్ కలవదు కదా? ఫోన్ నెట్‌వర్క్‌లోకి రావాలంటే ముందు ఒక చిన్న ఈల వేస్తాది, ప్రియాంబుల్ అంటాం. సెల్‌కు ఒక అవకాశంలో అవి 64. ఫోన్ ఏదో ఒకటి ఎత్తుకొని వేస్తాది. టవర్ "ఫలానా ఈల వేసినోడా, ఇదిగో నీ స్లాట్" అంటాది. ఫోన్ తన పేరు చెప్తాది. టవర్ "సరే, నువ్వే" అంటాది. నాలుగు మెసేజీలు, ఇంకా అసలు మాట మొదలే కాలా. 64 అంటే చాలనుకుంటారు. 64 మొత్తం ఖాళీగా ఉన్నా సరే, పది ఫోన్లు ఒకేసారి ఎత్తుకుంటే ఎక్కడో ఒకచోట ఇద్దరు ఒకటే ఈల ఎత్తుకునే అవకాశం ఎంతో చెప్పండి? ...పదహారు శాతమా? కాదు, సగానికి పైన, 52 శాతం. క్లాసులో ఇద్దరికి ఒకే రోజు పుట్టినరోజు వచ్చే లెక్కే. ఇంగ జాతరలో వేలమంది అంటే చెప్పేదేముంది.

వాట్సాప్ వీడియో పంపేవాడికి నాలుగు మెసేజీల ఖర్చు లెక్కలోకి రాదు. నా బోరు పెట్టె చెప్పేది ఇరవై బైట్లు, అసలు విషయం ఆడతా ఉండాది, లేదు, అదొక్క బిట్టు. దానికి పర్మిషన్ కోసం నాలుగు కాగితాలంటే, రూపాయి పని కోసం ఎమ్మార్వో ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగినట్టు. 5జీలో రిలీజ్ 16లో నాలుగును రెండు చేసినారు. ఇంకా ముందుకు పోతే పర్మిషనే లేకుండా, గ్రాంట్-ఫ్రీ అంటారు, అడక్కుండానే కొట్టెయ్, గుద్దుకుంటే నేను విడదీసుకుంటా అని టవర్ అంటాది. 5జీ లక్ష్యమే చదరపు కిలోమీటరుకు పది లక్షల పరికరాలు, 2030 కోసం ఐటీయూ రాసుకున్నది పది లక్షల నుంచి పది కోట్ల దాకా. పది కోట్లకు టోకెన్లు ఎవడిస్తాడు?

విడదీయడం ఎట్లో బోర్డు మీద చూపిస్తా. నాలుగు స్లాట్లు. మామ బోరు ఒకటే మెసేజ్‌ను రెండుసార్లు పంపుతాది, ఒకటో స్లాట్‌లో, రెండో స్లాట్‌లో. పక్కతోట బోరు రెండులో, మూడులో. చెరువుకట్ట బోరు మూడులో, నాలుగులో. పక్కతోట బోరు పాపం రెండు కాపీలూ గుద్దుకున్నాయి, పాత అలోహాలో దాని పని అయిపోయినట్టే. కానీ ఒకటో స్లాట్‌లో మామ బోరు ఒంటరిగా ఉండాది, విన్నాం. ప్రతి కాపీలో "నా ఇంగో కాపీ ఫలానా స్లాట్‌లో ఉండాది" అని రాసుంటాది. రెండో స్లాట్‌కు పోయి మామ బోరును తీసేస్తే మిగిలేది పక్కతోట బోరు, సుబ్బరంగా! సిగ్గు లేకుండా రెండుసార్లు పంపి ట్రాఫిక్ డబుల్ చేసి, దాంతోనే లాభం కొట్టినాం. 2007లో ఇట్ల రెండు కాపీలతో చేసి చూపించినప్పుడు 37 శాతం కాస్తా 55 దగ్గరికి పోయింది. 2011లో ఒకడు రెండు కాపీలు, ఒకడు మూడు, ఒకడు ఎనిమిది, ఇట్ల అందరికీ ఒకే లెక్క కాకుండా ఇస్తే 80 దాకా. శాటిలైట్లవాళ్ళు ముందు పట్టుకున్నారు దీన్ని.

(అధ్యాపకుడు: ఓటీఎఫ్‌ఎస్ గురించి రెండు మాటలు...)

రెండు మాటలే సార్, బస్సుకు టైమవుతా ఉండాది. ఓఎఫ్‌డీఎం బదులు పెట్టాలనే కొత్త వేవ్‌ఫాం, 2017లో వచ్చింది, సింబల్‌ను టైమ్, ఫ్రీక్వెన్సీ గళ్ళలో కాకుండా డిలే, డాప్లర్ గళ్ళలో రాస్తారు. డిలే అంటే సిగ్నల్ ఎంత లేటు, డాప్లర్ అంటే కదలడం వల్ల ఫ్రీక్వెన్సీ ఎంత జరిగింది. స్పీడుగా పోయేదానికి మంచిదంటారు. నేనొకటి అడుగుతా, ఎంత స్పీడు? సికింద్రాబాద్ నుంచి మన తిరుపతికొచ్చే వందేభారత్ 130లో పోయిందనుకోండి, 3.5 గిగాహెర్ట్జ్‌లో డాప్లర్ 420 హెర్ట్జ్. సబ్‌క్యారియర్ 30 కిలోహెర్ట్జ్. ఒకటిన్నర శాతం కూడా లేదు, ఓఎఫ్‌డీఎం నవ్వుతా పోతాది. కింది కక్ష్య శాటిలైట్ సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు, 2 గిగాహెర్ట్జ్‌లోనే 40 కిలోహెర్ట్జ్ పైన డాప్లర్, కానీ కక్ష్య ముందే తెలుసు కాబట్టి చాలావరకు ముందే సరిచేసుకోవచ్చు. కాబట్టి పేపర్లలో గెలిచినంత సులభంగా ఓఎఫ్‌డీఎంను దించలేరు. మాట్లాడతానే రాడార్ పని కూడా చేసే సిగ్నల్ కావాలన్నప్పుడు ఓటీఎఫ్‌ఎస్‌కు ఇంగో బలముండాది, ఆ డిలే, డాప్లర్ గళ్ళే రాడార్‌కు కావాల్సింది. 2030 లిస్టులో సెన్సింగ్ కూడా ఒక పేరా పెట్టినారు. పలమనేరు, కుప్పం పక్క ఏనుగులు చేన్లలో పడతా ఉండాయి, టవర్ సిగ్నల్‌తోనే ఏనుగొచ్చేది కనపడితే... అంతా సినిమా మాదిరి అనుకోవద్దు, చెట్లు, గాలి, ఆవులు, అన్నీ కదల్తాయి, అందులో ఏనుగును ఏరడం చిన్న పని కాదు. కానీ మీలో ఎవరన్నా పట్టుకుంటే నేనొచ్చి కూర్చుంటా.

(ఒక విద్యార్థి: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఏం చేయొచ్చు సార్?)

చవక ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే గాల్లో సిగ్నల్‌ను కంప్యూటర్‌లోకి రికార్డు చేసే రేడియో, ఒకటి, రెండు లోరా బోర్డులు కొనండి. రెండింటినీ కావాలనే ఒకేసారి కొట్టించండి, ఒకటి దగ్గర, ఒకటి దూరం. డాంగిల్‌తో రికార్డు చేసి, పెద్దదాన్ని డీకోడ్ చేసి, మళ్ళీ తయారుచేసి, తీసేయండి. పేపర్లో ఒక మైనస్ గుర్తు, అంతే కనపడతాది. చేయబోతే తెలుస్తాది, రెండు బోర్డుల క్రిస్టల్స్, అంటే ఫ్రీక్వెన్సీని నిలబెట్టే ముక్కలు, కొన్ని వందల హెర్ట్జ్ తేడా ఉంటాయి, ఆ తేడా సరిగ్గా పట్టుకోకపోతే తీసేయబోయి ఇంకా కలిపేస్తారు. నాకు ఆ ఒక్కదానికే మూడు వారాలు పట్టింది.

తోట ఏమైందంటారా? ఇప్పుడు ఇరవైతొమ్మిది కనపడతా ఉండాయి. ముప్పైయ్యోదానికి యాంటెనా కేబుల్ ఎలుక కొరికింది, మామ పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేసినాడు, రేపు పోయి మార్చాల. టీ వచ్చినట్టుండాది, పోదాం రండి.